1,189 అధ్యాయాలు, రోజుకు 14 నిమిషాలు

ఆదివారం ఆరాధనలో వారానికి ఒక్క అధ్యాయం చొప్పున వింటూ పోతే బైబిలు మొత్తం పూర్తవడానికి ఎంతకాలం పడుతుంది? 1,189 ఆదివారాలు. అంటే దాదాపు 23 ఏళ్లు. తల్లి ఒడిలో మందిరానికి వచ్చిన పాపకు పెళ్లీడు వచ్చాక గానీ చివరి అధ్యాయం చెవిన పడదు. అదైనా ఒక్క ఆదివారం తప్పకుండా వస్తేనే, ప్రసంగం ప్రతిసారీ కొత్త అధ్యాయం మీద సాగితేనే. పాస్టరు గారు ఎంత కష్టపడినా అది కుదిరే పని కాదు. క్రిస్మస్‌కు మత్తయి, లూకా సువార్తలు, గుడ్‌ఫ్రైడేకి సిలువ ఘట్టం, కొత్త సంవత్సరానికి వాగ్దాన వచనం. తెలిసిన భాగాలే ఏటేటా తిరిగి వస్తాయి. మిగతా బైబిలు ఇంట్లో అలమారలోనే ఉండిపోతుంది.

వారానికి 168 గంటలు. ఆరాధనకు రెండు గంటలు పోతే మిగిలేవి 166. క్రైస్తవుడి జీవితం గడిచేది ఆ 166 గంటల్లోనే. జీతం చాలనప్పుడు, పిల్లవాడికి జ్వరం తగ్గనప్పుడు, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా వచ్చినప్పుడు ప్రసంగం చెప్పే మనిషి పక్కన ఉండడు. అప్పటికి లోపల ఏ వాక్యం ఉంటే అదే ఆసరా. అందుకే పెద్దలు రోజూ చదవమన్నారు. ఆ రోజువారీ చదువుకు ఎంత సమయం కావాలో, అది ఎక్కడ ఆగిపోతుందో, ఎలా నిలబడుతుందో లెక్కలతో చూద్దాం.

66 పుస్తకాలు, 31,102 వచనాలు

ప్రొటెస్టెంటు సంఘాలు చదివే బైబిల్లో 66 పుస్తకాలు ఉన్నాయి. పాత నిబంధనలో 39, కొత్త నిబంధనలో 27. కతోలికుల బైబిల్లో 73. అరవై ఆరు పుస్తకాల లెక్కే తీసుకుంటే పాత నిబంధనలో 929 అధ్యాయాలు, కొత్త నిబంధనలో 260, మొత్తం 1,189. వచనాలు సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం 31,102. సగటున అధ్యాయానికి 26 వచనాలు.

సగటు అలా ఉన్నా అధ్యాయాలన్నీ ఒక్క తీరుగా లేవు. 117వ కీర్తనలో రెండే వచనాలు. 119వ కీర్తనలో 176. ఓబద్యా, ఫిలేమోను, యోహాను రాసిన రెండో పత్రిక, మూడో పత్రిక, యూదా: ఈ అయిదు పుస్తకాలూ ఒక్కొక్క అధ్యాయంతో ముగుస్తాయి.

ఇక సమయం సంగతి. ఒక వచనాన్ని నిదానంగా, పైకి చదవడానికి పది సెకన్లు అనుకుందాం. 31,102 వచనాలకు దాదాపు 86 గంటలు. దాన్ని 365 రోజులకు పంచితే రోజుకు 85 వచనాలు, 14 నిమిషాల పైచిలుకు. ఏడాదిలో బైబిలు మొత్తం చదవడానికి కావలసింది ఇంతే. ఉదయం టీ తాగుతూ సెల్‌ఫోన్ చూసే సమయం చాలామందికి ఇంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఏడాదిలో ముగించాలన్న పట్టు లేనివారికి లెక్క ఇంకా తేలిక. రోజుకు ఒక్క అధ్యాయమైతే నాలుగైదు నిమిషాల పని, బైబిలు మూడేళ్ల మూడు నెలల్లో పూర్తవుతుంది. రెండు అధ్యాయాలైతే ఏడాదిన్నర దాటాక, మూడైతే పదమూడు నెలల్లో, నాలుగైతే పది నెలల లోపే. ఇరవయ్యో ఏట రోజుకు ఒక్క అధ్యాయంతో మొదలుపెట్టిన మనిషి అరవై ఏళ్లు వచ్చేసరికి బైబిలును పన్నెండుసార్లు చదివి ఉంటాడు. ఆ ఫలితం మొదటి సంవత్సరంలో కనబడదు. నలభయ్యో ఏట, యాభయ్యో ఏట కష్టం వచ్చినప్పుడు కనబడుతుంది.

1805: విశాఖ తీరంలో మొదలైన తెలుగు బైబిలు పని

విశాఖ జిల్లాలోని పద్మనాభం పేరు చెబితే 1794 జూలై 10న జరిగిన యుద్ధం గుర్తొస్తుంది. ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు అక్కడే ప్రాణం విడిచారు. ఆ తర్వాత పదకొండేళ్లకు, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణ పండితుడు ఆ అనువాదానికి తోడ్పడ్డారు.

క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వాళ్ల శ్రమతో సిద్ధమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చి 11న సెరంపూర్ అచ్చుకూటం అగ్నికి ఆహుతైంది. అక్షరాల దిమ్మెలు, రాతప్రతులు, కాగితం బూడిదయ్యాయి. అక్కడి మిషనరీ విలియం కేరీ, ఆయన తోటివారు మళ్లీ అక్షరాలు పోత పోయించుకుని పని కొనసాగించారు. 1818లో సెరంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది. దాదాపు అదే సమయంలో విశాఖలో పనిచేస్తున్న ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన మద్రాసులో అచ్చుకెక్కింది. ఆ తర్వాతి తరంలో విశాఖలోనే జాన్ హే, వార్డ్‌లా వంటివారు దశాబ్దాల తరబడి అనువాదాన్ని సవరిస్తూ, పాత నిబంధనను కూడా తెలుగు చేస్తూ పోయారు.

ఇంకా వెనక్కి వెళితే, 18వ శతాబ్దం మొదటి భాగంలో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ బైబిలును తెలుగులోకి తెచ్చారు. అది అచ్చు కాలేదు, రాతప్రతిగానే మిగిలింది. అచ్చయిన తెలుగు వాక్యానికి పునాది పడింది మాత్రం ఈ విశాఖ తీరంలోనే. పద్మనాభం, భీమిలి, ఆనందపురం ప్రాంతాల్లో ఇవాళ తెలుగు బైబిలు తెరిచే ప్రతి మనిషికీ ఇది సొంత జిల్లా చరిత్ర. మొదటి అనువాదకులు తాము రాసింది అచ్చులో చూసుకోలేదు. మన చేతికి మొత్తం పుస్తకం అందింది. ప్రపంచంలో ఏడు వేలకు పైగా భాషలుంటే పూర్తి బైబిలు ఉన్నవి ఏడు వందల పైచిలుకు మాత్రమే. ఆ కొద్ది భాషల్లో తెలుగు ఉంది.

జనవరి 31: చాలామంది ఆగిపోయే చోటు

వాచ్‌నైట్ ఆరాధనలో మోకాళ్లూని తీర్మానం చేసుకుంటాం: ఈ ఏడు బైబిలు మొత్తం చదువుతాను అని. జనవరి 1న ఆదికాండము మొదలవుతుంది. రోజుకు మూడు అధ్యాయాలు. సృష్టి, నోవహు, అబ్రాహాము, యోసేపు, కథ నడిపించుకుపోతుంది. 50 అధ్యాయాలు పదిహేడు రోజుల్లో అయిపోతాయి. నిర్గమకాండములో మోషే, ఎర్ర సముద్రం, సీనాయి కొండ. అప్పటిదాకా కూడా బాగానే ఉంటుంది.

జనవరి 25కు నిర్గమకాండము 25వ అధ్యాయం వస్తుంది. అక్కడి నుంచి ప్రత్యక్ష గుడారం కొలతలు, తెరలు, దిమ్మెలు, గుండీలు. జనవరి 31న లేవీయకాండము మొదలవుతుంది: దహనబలి, నైవేద్యం, చర్మరోగాల పరీక్ష, పవిత్రమైనవి, అపవిత్రమైనవి. 27 అధ్యాయాలు. దాని వెనకే జనాభా లెక్కలతో సంఖ్యాకాండము, 36 అధ్యాయాలు. తీర్మానాలు కూలేది ఈ దారిలోనే. సంఘాల్లో ఎవరినడిగినా "లేవీయకాండం దాకా చదివాను" అనే మాట వినబడుతుంది.

అక్కడ ఆగినవారు ఏం పోగొట్టుకుంటున్నారో చూడండి. అరణ్యంలో నలభై రోజుల ఉపవాసం తర్వాత యేసు మూడుసార్లు శోధనకు గురయ్యాడు. మూడుసార్లూ వాక్యంతోనే జవాబిచ్చాడు. ఆ మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాల్లోనివి. రోజుకు మూడు అధ్యాయాల లెక్కలో ఆ పేజీలు ఫిబ్రవరి 22, 23 తేదీల్లో వస్తాయి. జనవరి 31న పుస్తకం మూసినవారు, తమ ప్రభువు ఆకలి వేళ ఆయుధంగా వాడిన మాటలకు మూడు వారాల ముందే ఆగిపోయారు.

ఈ చిక్కు దాటే దారి ఉంది. లేవీయకాండము చదివే రోజుల్లో పక్కన హెబ్రీయులకు రాసిన పత్రిక పెట్టుకోండి. అందులో 13 అధ్యాయాలు. యాజకుడు, బలి, రక్తం, తెర అనే మాటలు క్రీస్తు దగ్గర ఏ అర్థానికి వచ్చాయో ఆ పత్రిక విడమరిచి చెబుతుంది. రెండూ కలిపి చదివితే కొలతల వెనక ఉన్న సంగతి తెలుస్తుంది.

66 రోజులు: అలవాటు నిలబడే కాలం

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మంది మీద చేసిన అధ్యయనం ఒకటుంది. కొత్తగా ఎంచుకున్న చిన్న పనిని రోజూ ఒకే సందర్భంలో చేయమని చెప్పి 84 రోజుల పాటు గమనించారు. పని ఆలోచించకుండానే జరిగే అలవాటుగా మారడానికి పట్టిన కాలం కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా ఉండవచ్చని తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. ఆ అధ్యయనం బైబిలు పఠనం గురించి కాదు. తినడం, తాగడం, వ్యాయామం వంటి అలవాట్ల గురించి. అయినా అందులో రెండు సంగతులు మనకు పనికొస్తాయి.

మొదటిది, సందర్భం ముఖ్యం. "వీలైనప్పుడు చదువుతాను" అనుకుంటే సాగదు. "పొద్దున్న ముఖం కడుక్కోగానే", "రాత్రి అన్నం తిన్నాక" అని ఒక పనికి ముడివేస్తే సాగుతుంది. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవారికి గడియారం వారం వారం మారుతుంది. వాళ్లు సమయానికి కాకుండా పనికి ముడివేసుకోవాలి: డ్యూటీకి బయల్దేరే ముందు, లేదా డ్యూటీ దిగి స్నానం చేశాక. షిఫ్టు ఏదైనా ఆ పని ఉంటుంది, దానితోపాటు చదువూ ఉంటుంది.

రెండోది, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. మన విశ్వాసుల్లో చాలామందిని పడగొట్టేది తప్పిన రోజుల బాకీయే. మూడు రోజులు జ్వరంతో పడుకుంటే తొమ్మిది పది అధ్యాయాలు పేరుకుపోతాయి. వారం రోజులు పెళ్లి పనుల్లో తిరిగితే ఇరవై మూడు. ఆ బాకీ చూసి గుండె జారిపోయి పుస్తకం పక్కన పెట్టేస్తారు. తప్పిన రోజును వదిలేసి ఈరోజు భాగం చదవండి. లేదా మొదటే ఖాళీ రోజులు ఉంచుకోండి. నెలకు 25 రోజుల లెక్కన ఏడాదికి 300 రోజులు. రోజుకు నాలుగు అధ్యాయాలైతే 1,200. బైబిలు 1,189. నెలకు అయిదారు రోజులు తప్పినా ఏడాది చివరికి పదకొండు అధ్యాయాల వెసులుబాటు మిగులుతుంది.

పదిమందిలో నలుగురు: చదవడం రాని అమ్మల సంగతి

"రోజూ బైబిలు చదవండి" అనే మాట చదవడం వచ్చినవారికే చెల్లుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. ఆడవాళ్లలో దాదాపు 59 శాతం. అంటే అప్పటికి ఏడేళ్లు నిండిన ఆడవాళ్లలో పదిమందికి నలుగురు చదవలేనివారే. పల్లె సంఘాల్లో ఆరాధనకు వచ్చేవారిలో వయసు మళ్లిన ఆడవాళ్లను చూస్తే ఈ లెక్క కళ్ల ముందే కనబడుతుంది. ఉపవాస ప్రార్థనకు అందరికంటే ముందొచ్చేది వాళ్లే. బైబిలును గుడ్డలో చుట్టి గుండెలకు హత్తుకుని తెచ్చేదీ వాళ్లే. తెరిచి చదవలేరు.

ఇది కొత్త సమస్య కాదు. 1901లో దేశం మొత్తం మీద అక్షరాస్యులు వందకు అయిదుగురు. ఆడవాళ్లలో వందకు ఒక్కరు కూడా లేరు. ఆ రోజుల్లో మిషన్ సంఘాలు బైబిల్ ఉమెన్‌ను పంపేవి. చదువు వచ్చిన స్త్రీలు ఇంటింటికీ నడిచి వెళ్లి, అరుగు మీద కూర్చుని, తోటి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించేవారు. మరోవైపు కీర్తన పనిచేసింది. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన ఉత్తరాంధ్ర కవి పురుషోత్తమ చౌదరి రాసిన క్రైస్తవ కీర్తనలు ఈనాటికీ తెలుగు సంఘాల్లో పాడుతున్నారు. పుస్తకం పట్టుకోలేని తరాలకు వాక్యసారం పాటగా నోటికి వచ్చింది.

బైబిల్లోని మొదటి పాఠకులు కూడా ఎక్కువగా శ్రోతలే. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా కర్రతో కట్టిన వేదిక మీద నిలబడి, తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు జనానికి అర్థం చెప్పారు. విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. పౌలు తన పత్రికలను సంఘమంతటికీ చదివి వినిపించమన్నాడు. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయంలో చదివేవాడికీ వినేవాళ్లకూ కలిపే ఆశీర్వాదం ఉంది.

కాబట్టి వినడం తక్కువేమీ కాదు. ఇవాళ తెలుగు ఆడియో బైబిలు సెల్‌ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆటోలోనో బస్సులోనో పనికి వెళ్లే పావుగంటలో ఆ రోజు భాగం వినేయవచ్చు. దానికంటే మంచిది, బడికెళ్లే మనవరాలు నాయనమ్మకు రోజుకో అధ్యాయం పైకి చదివి వినిపించడం. అయిదు నిమిషాల్లో నాయనమ్మకు వాక్యం అందుతుంది, మనవరాలికి తెలుగు చదువు గట్టిపడుతుంది, ఇంట్లో మిగతావాళ్ల చెవిన కూడా పడుతుంది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం తల్లిదండ్రులకు చెప్పింది ఇలాంటి పనే: ఇంట్లో కూర్చున్నా, దారిన నడుస్తున్నా, పడుకున్నా, లేచినా పిల్లలతో వాక్యం మాట్లాడమని.

నాలుగు ప్రమాదాలు

రోజువారీ బైబిలు పఠన పట్టికల్లో బాగా పేరున్నది రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో స్కాట్లాండ్‌లోని డండీలో తన సంఘం కోసం తయారుచేసింది. రోజుకు సుమారు నాలుగు అధ్యాయాలు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు. మరుసటి ఏడాదే, 29 ఏళ్ల వయసులో, ఆయన చనిపోయారు. ఆ పట్టికను ఇవాళ్టికీ లోకమంతా వాడుతోంది.

పట్టిక ఇస్తూనే ఆయన నాలుగు ప్రమాదాలు చెప్పారు. చదువు వట్టి ఆచారంగా మారడం, చదివానన్న గర్వంతో తన్ను తాను నీతిమంతుడిగా ఎంచుకోవడం, మనసు పెట్టకుండా గబగబా ముగించడం, కొందరికి అది మోయలేని కాడి అయిపోవడం. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మన సంఘాల్లో కనిపించేవి ఈ నాలుగే. "నేను బైబిలు పదిసార్లు చదివాను" అని సాక్ష్యం చెప్పే మనిషి ఇంట్లో భార్య మీద చెయ్యి చేసుకుంటుంటే, కట్నం కోసం కోడలిని వేధిస్తుంటే, ఆ పదిసార్లూ వ్యర్థం.

అధ్యాయాలు, వచనాలు అనే లెక్క కూడా మూల రచయితలు పెట్టింది కాదు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెబుతారు. కొత్త నిబంధన వచనాలకు ఇప్పటి అంకెలు వేసింది 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు. ఈ గీతలు కొన్నిచోట్ల విషయాన్ని కోసేస్తాయి. సృష్టి వృత్తాంతంలోని ఏడో రోజు ఆదికాండము రెండో అధ్యాయంలో పడింది. యెషయా 53లోని బాధపడే సేవకుడి ఘట్టం నిజానికి 52వ అధ్యాయం చివరి మూడు వచనాలతోనే మొదలవుతుంది. కాబట్టి ఈ రోజు కోటా అయిందని అంకె దగ్గర ఆగకండి, విషయం ముగిసేదాకా చదవండి.

బెరయ పట్టణస్థుల గురించి అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతుంది. పౌలు వంటి బోధకుడు వచ్చి చెప్పినా, ఆ మాటలు నిజమో కాదో తెలుసుకోవడానికి వాళ్లు రోజూ లేఖనాలు పరిశీలించారు. లూకా వాళ్లను మెచ్చుకున్నాడు. టీవీలో, యూట్యూబ్‌లో రోజుకో బోధ, రోజుకో ప్రవచనం వినబడే ఈ కాలంలో విశ్వాసికి ఇదే రక్షణ. సొంతంగా చదివే సంఘాన్ని ఎవరూ తేలిగ్గా మోసం చేయలేరు.

మీకు సరిపోయే లెక్క ఏది?

- మొదటిసారి చదివేవారికి: మార్కు సువార్త. 16 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున 16 రోజులు. మొత్తం 678 వచనాలు, రెండు గంటల లోపు చదువు.
- కొద్ది సమయమే ఉన్నవారికి: కొత్త నిబంధన 260 అధ్యాయాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, 52 వారాలు. లెక్క సరిగ్గా ఏడాదికి సరిపోతుంది.
- పిల్లలున్న ఇళ్లకు: సామెతలు 31 అధ్యాయాలు. తేదీ ఏదైతే అధ్యాయం అదే.
- దుఃఖంలో ఉన్నవారికి: కీర్తనలు 150. రోజుకు అయిదు చొప్పున 30 రోజులు.
- క్రిస్మస్‌కు సిద్ధపడేవారికి: లూకా సువార్త 24 అధ్యాయాలు. డిసెంబరు 1న మొదలుపెడితే 24న ముగుస్తుంది.
- నెమ్మదిగా ధ్యానించేవారికి: 119వ కీర్తన. ఎనిమిదేసి వచనాల 22 భాగాలు, 22 రోజులు. కీర్తన అంతా దేవుని వాక్యం గురించే.

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతం. పద్మనాభం వంటి మండలాల్లో సంఘాలు చిన్నవి. ఒకే పాస్టరు గారు రెండు మూడు ఊళ్లు చూసుకునే చోట వారం మధ్యలో వాక్యం చెప్పడానికి మనిషి దొరకడు. అలాంటి చోట సంఘాన్ని నిలబెట్టేది ఇంట్లో తెరిచిన బైబిలే. ప్రసంగం దాని మీద కట్టే గోడ.

కొత్త సంవత్సరం దాకా ఆగవద్దు. ఈ రాత్రి అన్నాలయ్యాక టీవీ కట్టేసి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, మార్కు మొదటి అధ్యాయం పైకి చదవండి. 45 వచనాలు, ఏడెనిమిది నిమిషాలు. చదవడం రాని పెద్దవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. రేపు రెండో అధ్యాయం చదవండి.